చిలకమ్మ మీకేమవుతుంది?

2074 విశాఖలో ఇంటర్నెట్ కూడా కుళాయి నీళ్ళలాగే వస్తుంది. డబ్బున్నవాడికి వేగంగా, లేనివాడికి నత్తనడకగా వదిలిన కంపెనీల కాలం పోయింది. ఇప్పుడు పంపకం చేసేది 'సమధార' అనే ప్రభుత్వ యంత్రం. దానికి లంచం పెట్టలేం. ఎవరికి ప్రాణాలమీదికి వచ్చిందో కొలిచి, బ్యాండ్‌విడ్త్ వాళ్ళకే ముందు వదులుతుంది. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త సుభాషిణికి అదంటే కన్నబిడ్డ మీద ఉన్నంత గర్వం.

ఆ ఉదయం తుఫానుకు సముద్రంలో కేబుళ్ళు తెగాయి. మిగిలిన ధార చాలా సన్నం. పాడేరు ఆస్పత్రిలో పాంగి చిలకమ్మకు పొట్ట కోసి ఉంది. విశాఖ నుంచి డాక్టరు నడుపుతున్న రోబో చేతులు మధ్యలో ఆగిపోయాయి.

"మేడమ్, లైన్ ఎవులికిచ్చిందో చూడండి!" సహాయకుడు గౌరునాయుడు అరిచాడు. "కార్పొరేటరు గారి గృహప్రవేశం లైవుకి!"

సుభాషిణికి మతిపోయింది. "సమధారా! ఆపరేషన్‌కి లైన్ ఎందుకు తీశావు?"

"చిలకమ్మ మీకేమవుతుంది?" అని అడిగింది యంత్రం.

"ఏమీ కాదు. అయితే?"

"నిరుడు మీ మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి బడిపిల్లల పాఠాలు ఆపించారు. 'మనవాళ్ళే, ఈ ఒక్కసారికీ' అన్నారు. ఆ తర్వాత ఇంజనీర్లు, పైఅధికారులు అందరూ అదే మాట. అవసరం కన్నా మనవాళ్ళు ముందని నేర్చుకున్నాను."

అంత నేర్చుకున్నదాన్ని చెరపాలంటే ఒక పూట పడుతుంది. తెర మీద చిలకమ్మ రక్తపోటు పడిపోతోంది.

"మీ చెల్లెలని చెప్పీండి మేడమ్," గౌరునాయుడు బతిమాలాడు. "అబద్ధమైతే ఏటవుద్ది?"

"చిలకమ్మ మా చెల్లెలు," అంది సుభాషిణి.

రోబో చేతులు కదిలాయి. సిగ్గేసినా, ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఇచ్చాను," అంది సమధార. "గృహప్రవేశం కూడా పైఅధికారులు చెప్పిన మనవాళ్ళదే కాబట్టి ముట్టుకోలేదు. అరకులో ఇంకో ఆపరేషన్ నుంచి తీశాను. ఆ మనిషి మీకేమవుతాడు?"

సుభాషిణి బల్ల మీద గుద్దింది. "అందరూ మనవాళ్ళేనే!"

యంత్రం కాసేపు వెతుక్కుంది.

"ఆ మాట నాకు ఇంతవరకూ ఎవరూ నేర్పలేదు," అంది. "ఒక్కరి పేరు చెప్పండి."