నిబ్బర తాళం

రెండువేల అరవై ఎనిమిది నాటికి పాస్‌వర్డ్ అనే మాట చరిత్ర పాఠాల్లో మాత్రమే మిగిలింది. ఇంటి తలుపు నుంచి ఆసుపత్రి మందుల గది దాకా అన్నీ అరచేతిని చూసి తెరుచుకునేవి. చిలకలేరు జలాశయంలో మాత్రం అరచెయ్యి ఒక్కటే చాలదు. అక్కడున్నది నిబ్బర తాళం. చెయ్యి ఆనించగానే అది నాడిని, చెమటను, వేళ్ల వణుకును కొలుస్తుంది. మనిషి బెదిరి ఉంటే గేట్లు కదలవు. మెడ మీద కత్తి పెట్టి ఆపరేటర్ల చేత గేట్లు ఎత్తించే ముఠాల ఆట ఆ తాళంతో కట్టింది.

నీరజాక్షి ఆ జలాశయంలో సమాచార భద్రతా విశ్లేషకురాలు. తాళాన్ని ఏమార్చే దొడ్డిదారులు వెతికి మూయించడం ఆమె ఉద్యోగం. ఆరేళ్లలో పద్నాలుగు మూయించింది. గేట్లను చేత్తో ఎత్తే పాత చక్రాన్ని కూడా కిందటి వేసవిలో ఆమె సిఫార్సు మీదే పీకేశారు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఎగువ కొండల్లో కుంభవృష్టి కురిసింది. ముప్పావు గంటలో గేట్లు ఎత్తకపోతే మట్టికట్ట తెగుతుంది. దిగువన పదకొండు ఊళ్లున్నాయి. డ్యూటీలో ఉన్న ఆపరేటర్ సుగుణ తాళం మీద చెయ్యి ఆనించింది. ఎర్రదీపం వెలిగింది.

"మీరు భయంతో ఉన్నారు. గేట్లు తెరవడం కుదరదు," అంది తాళం.

"భయం కాక ఇంకేటుంటాది!" సుగుణ ఏడుపు గొంతుతో అరిచి మళ్లీ ఆనించింది. మళ్లీ ఎరుపే.

తాళంలో నమోదైన చేతులు మూడే. ఒకాయన సెలవులో ఉన్నాడు. మిగిలింది పైడిరాజు. అతను నేలమాళిగలోని క్యాంటీన్లో భోంచేస్తున్నాడు. వాన చప్పుడు అక్కడికి వినిపించదు.

"ఆ ప్రమాద గంట ఆపి, కిటికీల తెరలు వేసెయ్. ముఖం కడుక్కో," అని సుగుణకు చెప్పి, పక్కనే ఉన్న నీరజాక్షి మెట్లు దిగింది.

"పైడిరాజు గారూ, తిన్నాక ఒకసారి పైకి వస్తారా? నెలవారీ పరీక్ష."

"ఎప్పుడూ ఈ టెస్టులేనేటమ్మా! మజ్జిగన్నం తినేసొస్తాను."

తొందరపెడితే అనుమానిస్తాడు, బెదురుతాడు. ఆమె ఎదురుగా కూర్చుంది. అతను రెండోసారి మజ్జిగ పోయించుకుంటుంటే, కూతురు పురిటికి వచ్చిందా అని కూడా అడిగింది.

"ఇంకా రాలేదమ్మా. రేవుపాలెంలో అత్తోరింట్లోనే ఉంది."

రేవుపాలెం కట్టకు కిందనే. నీరజాక్షి తలూపింది.

పదకొండు నిమిషాలు గడిచాయి. పైడిరాజు పైకొచ్చి, ఆవులిస్తూ చెయ్యి ఆనించాడు. పచ్చదీపం వెలిగింది. గేట్లు లేచాయి. కాళ్ల కింద నేల అదిరింది. అతను పరుగున వెళ్లి తెర లాగి నీళ్లను చూశాడు.

"ఇది టెస్టు కాదు."

"కాదండీ."

"మా పాప కిందనుందని చెప్పాను గదమ్మా. విన్నారు. వినీ నన్ను అన్నం తిననిచ్చారు."

నీరజాక్షి గేట్లు లేచిన సమయం రాసుకుంది.

ఊళ్లు నిలిచాయి. రేవుపాలెం వీధుల్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చి పోయాయి. ఆమె నివేదికలో ఇలా రాసింది: "పదిహేనో దొడ్డిదారి, ఆపరేటర్ నమ్మిన మనిషి చెప్పే అబద్ధం. దీన్ని మూసే పద్ధతి నాకు తెలియదు." ప్రధాన కార్యాలయం ఆమెను మెచ్చుకుని, ఆమె చేతిని కూడా తాళంలో నమోదు చేయించింది.

మరుసటి నెల అసలైన పరీక్ష జరిగింది. బయట ఎండ కాస్తోంది. నీళ్లు గేట్లకు ఎంతో దిగువన ఉన్నాయి.

సుగుణ చెయ్యి పెట్టింది. ఎరుపు. పైడిరాజు కిటికీ వైపు చూశాడు, తర్వాత నీరజాక్షి ముఖంలోకి చూశాడు, అప్పుడు చెయ్యి పెట్టాడు. ఎరుపు.

"నిజంగా పరీక్షేనండీ," అందామె.

అతను మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎరుపే.

చివరికి ఆమె తన చెయ్యి ఆనించింది. ఒక్క క్షణమైనా ఎర్రదీపం వెలగాలని ఆశపడింది. వెంటనే పచ్చదీపం వెలిగింది.

పైడిరాజు చేతి చెమట చొక్కాకు తుడుచుకున్నాడు.

"మీకైతే తెరుచుకుంటాదని నాకు తెలుసమ్మా," అన్నాడు.