గులాబి ఇంటి పక్క సందు

ఎవరినైనా చావుబతుకుల పని మీద పంపేముందు టిఫిన్ చేయడం గూఢచారి విభాగం నడిపే కర్నల్ ఒఫేలియా బార్సేనాస్ అలవాటు. ఆ ఉదయం కూడా ఆవిడ రొట్టె మధ్యలో తమాలె అనే మొక్కజొన్న పిండి ముద్ద ఇరికించుకుని తింటూ, మొక్కజొన్న జావ తాగుతూ టేబుల్ మీదికి ఒక ఫోటో తోసింది.

"దర్జీ," అంది.

ఫోటోలో మనిషి బస్సులో లేచి సీటిచ్చేవాడిలా సౌమ్యంగా ఉన్నాడు. కానీ విదేశీ ముఠా తరఫున మెక్సికో సిటీలో అప్పటికే ముగ్గుర్ని చంపాడు. అతను వాడేది విషం పూసిన సూది. దాన్ని మడిచిన న్యూస్‌పేపర్ లోపల దాచి తిరుగుతాడు.

"ఆ విషం తయారుచేసింది ఎడితా క్రాల్ అనే కెమిస్టు," అంది కర్నల్. "మూడో మనిషి పోయాక ఆవిడకి నిద్ర పట్టడం లేదు. ఇవాళ మన దగ్గరికి వచ్చేస్తోంది. ముఠాలో ఎవరెవరున్నారో అంతా ఆవిడ తలలోనే ఉంది. ఆవిడ పోతే అన్నీ పోయినట్టే."

ఆ తర్వాత బ్రీఫింగ్ చకచకా సాగింది. ముఠా ఫోన్లనీ టాక్సీలనీ గమనిస్తూ ఉంటుంది కాబట్టి ఎడితా ఏ మామూలు గృహిణిలానో రావాలి. మెట్రోలో నిలబడి, ఆపైన పెసెరో అనే చిన్న బస్సులో ఒత్తుకుని, చివరికి నోపాలిటోస్ పేటలో దిగి, నడిచి ఒక భోజన హోటల్‌కి చేరాలి. అక్కడ యజమానురాలిని 'నిన్నటి సూప్ ఉందా' అని అడగాలి. ఈ ఊళ్లో బుద్ధి ఉన్నవాళ్లెవరూ అడగని ప్రశ్న గనక దాన్నే కోడ్‌గా పెట్టారు. ఆ హోటల్ ఏ వీధిలో ఉందో కర్నల్‌కీ, ఎడితాకీ, ముఠాలో మనకోసం పనిచేస్తున్న మిరేయా లాందాకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఏజెంట్ లెయాండ్రో ఒసోరియో పని పేట మధ్యలో ఉన్న ప్లాజా కాయడం. వేషం, వీధి ఆర్గన్ వాయించేవాడిది. ఖాకీ యూనిఫాం, ఖాకీ టోపీ, ఒంటికాలి స్టాండ్ మీద చెక్క ఆర్గన్ పెట్టె, దాని లోపల ట్రాన్స్‌మిటర్. దర్జీ కనిపిస్తే పాట ఆపాలి. ప్లాజా చుట్టూ ఉన్న మనవాళ్లకి అదే సిగ్నల్.

"ఆ పేటలో సందుగొందులు నీకు తెలుసా?" అని అడిగింది కర్నల్.

నిజం చెప్పాలంటే, నోపాలిటోస్‌లో లెయాండ్రోకి తెలిసింది బస్‌స్టాప్ దగ్గరి టాకో బండి ఒక్కటే. దాని పచ్చడి బాగుంటుంది. అంతకుమించి ఆ పేట లోపలికి అతను ఎన్నడూ అడుగుపెట్టలేదు. అయితే 'తెలియదు' అన్న మాట మెక్సికో సిటీలో పుట్టినవాడి నోట రాదు. దారి అడిగిన మనిషిని ఉత్తచేతులతో పంపడం, ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లు ఇవ్వకపోవడం లాంటిది వీళ్లకి. పైగా లెయాండ్రో డిపార్ట్‌మెంట్‌లో కొత్తవాళ్లకి 'ఊరి పాఠం' చెప్పే గురువు. పెసెరోలో ఎక్కడ వేలాడాలి, చిల్లర చేతులు మార్చి డ్రైవర్‌కి ఎలా అందించాలి, ఏ పేటలో ఏ బండి దగ్గర తినాలి, అన్నీ అతనే నేర్పాడు. ఆ గురువు నోటితో తెలియదని ఎలా అంటాడు?

"అరచేతిలో ఉసిరికాయ, కర్నల్," అన్నాడు.

"అయితే మ్యాప్ అక్కర్లేదు," అని ఆవిడ మ్యాప్‌ని సొరుగులో పెట్టేసింది. "నీ శిష్యులంతా ఇవాళ ఛానల్ వింటూ ఉంటారు. గురువు పని ఎలా చేస్తాడో నేర్చుకుంటారు."

మిట్టమధ్యాహ్నం. ప్లాజాలో బెంచీల నిండా జనం, గాలి నిండా కాలుతున్న మొక్కజొన్న వాసన. లెయాండ్రో హ్యాండిల్ తిప్పుతూ ప్రతి న్యూస్‌పేపర్‌నీ అనుమానంగా చూస్తున్నాడు. అప్పుడు బూడిదరంగు స్వెటర్ వేసుకున్న ఒకావిడ వచ్చింది. చేతిలో తాళ్ల సంచి, అందులో పెద్ద అనాసపండు, కొత్తిమీర కట్ట. ముందు మర్యాదగా, కింద పెట్టిన టోపీలో నాణెం వేసి, అప్పుడు అడిగింది.

"ఏమనుకోకండి బాబూ, సపోతే సందు ఎటు?"

ఆ పేరు అతను జన్మలో వినలేదు. అయినా చెయ్యి దానంతటదే లేచింది.

"సపోతే సందా? నేరుగా పోండమ్మా. చర్చి దాటాక రెండో ఎడమ తిరగండి. గులాబి రంగు ఇల్లొకటి కనిపిస్తుంది, దాని పక్కనే. అక్కడ ఎవర్నడిగినా చెప్తారు."

ఆవిడ ఎంతో కృతజ్ఞతగా తలూపి వెళ్లిపోయింది. ఒక మనిషికి సాయం చేశానన్న తృప్తితో లెయాండ్రో ఇంకో రెండు చుట్లు హుషారుగా తిప్పాడు.

చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది.

"టార్గెట్ ఒక స్టాప్ ముందే పెసెరో దిగేసింది," అంది కర్నల్ గొంతు. "బూడిదరంగు స్వెటర్, తాళ్ల సంచి, అందులో అనాసపండు. సపోతే సందులో మన హోటల్‌కి నడిచి వస్తోంది. లెయాండ్రో, నీకు కనిపించిందా?"

లెయాండ్రో చర్చి వైపు తల తిప్పి చూశాడు. చెయ్యి ఆగిపోబోయింది, కానీ పాట ఆగితే ప్రమాదం అని అందరూ పరిగెత్తుకొస్తారు. అందుకని ముఖం మాడిపోయినా ఆ హుషారు పాటే తిప్పుతూ నిలబడ్డాడు. సిగ్గు కాళ్ల నుంచి పాకి చెవుల దాకా వచ్చింది.

"లేదు," అన్నాడు.

అన్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. మొదటి అబద్ధం మర్యాద కోసం ఆడాడు, ఇది పరువు కోసం. చెప్పేవన్నీ శ్రీరంగనీతులు.

అంతలో ఒక మోటోటాక్సీ దడదడలాడుతూ వచ్చి ఆర్గన్ ముందు ఆగింది. అందులోంచి ఎర్రగౌనూ, నల్లకళ్లద్దాలూ, ఎత్తుమడమల జోళ్లూ దిగాయి. వాటి లోపల మిరేయా లాందా ఉంది. ఆవిడ వీధిలో నడిస్తే పావురాలు కూడా పక్కకి తప్పుకుంటాయని డిపార్ట్‌మెంట్‌లో ఒక జోకు.

"హోటల్ బయటపడిపోయింది," అంది మిరేయా, టోపీలో చిల్లర వేస్తున్నట్టు వంగి. "దర్జీ పొద్దుటి నుంచి అక్కడే కూర్చున్నాడు. మూడో గిన్నె సూప్ తాగుతున్నాడు. నా ఫోన్ వాళ్లు వింటారు, అందుకే పరిగెత్తుకొచ్చాను. ఎడితాని అక్కడికి పోనివ్వకు."

"ఆవిడ అక్కడికి వెళ్లలేదు."

మిరేయా కళ్లద్దాలు కిందికి జరిపింది. "నీకెలా తెలుసు?"

"నేనే వేరే దారిలో పంపాను."

ఆ మాట ఎంత గొప్పగా వినిపించిందంటే, ఒక్క క్షణం లెయాండ్రోకే నిజమనిపించింది. మిరేయా ముఖంలో మెచ్చుకోలు కూడా కనిపించింది. అక్కడితో ఆగితే బాగుండేది.

"శభాష్. ఎక్కడికి పంపావు? పద, తీసుకొద్దాం. వాడి సూప్ అయిపోతే వెతుక్కుంటూ వస్తాడు."

లెయాండ్రో తల వాల్చేశాడు. పరువు ఒక పక్కనా, ఎడితా ప్రాణం ఒక పక్కనా ఉన్నాయి. ట్రాన్స్‌మిటర్ బటన్ నొక్కాడు. అవతల శిష్యులంతా వింటున్నారని తెలిసే నొక్కాడు.

"కర్నల్, ఆవిడ నన్నే దారి అడిగింది. సపోతే సందు ఎక్కడుందో నాకు తెలియదు. నోటికొచ్చింది చెప్పాను. ఆవిడ ఇప్పుడెక్కడుందో కూడా తెలియదు."

తలో వీధీ వెతకమని కర్నల్ మిగతావాళ్లని పంపింది. నడివీధిలో తల కొట్టేసినట్టయింది అతనికి.

"ఏమని చెప్పావు?" అంది మిరేయా.

"చర్చి దాటాక రెండో ఎడమ. గులాబి ఇంటి పక్కన."

"రెండు పక్షాలకీ ఏళ్ల తరబడి అబద్ధాలు చెప్తున్నాను, ఒక్కదానికైనా రంగు వెయ్యాలని నాకు తోచలేదు," అంది మిరేయా.

ఆర్గన్ వదిలేసి పరిగెత్తితే జనం చూస్తారని దాన్ని వీపుకెత్తుకున్నాడు. చర్చి దగ్గర ఆ రోజు సంత ఉంది. బూడిదరంగు స్వెటర్ ఆవిడ ఎటు వెళ్లిందని ట్లకోయోలనే మొక్కజొన్న రొట్టెలు కాలుస్తున్నావిడని అడిగితే కుడికి చూపించింది. జ్యూసులబ్బి ఎడమకి చూపించాడు. కత్తులు సానపట్టేవాడు మెట్రో వైపని చెప్పి, ఏ ట్రైన్ ఎక్కాలో కూడా వివరించాడు. ఒక్కరు కూడా తెలియదనలేదు. అందరి ముఖాల్లోనూ అదే ఆప్యాయత, అదే తృప్తి. అచ్చం తన ముఖమే ఊరంతా చూపిస్తున్నట్టుంది. లెయాండ్రోకి ఏడుపొక్కటే తక్కువ.

ఇంక మిగిలింది తన అబద్ధమే. దాని వెంటే పోవాలి. చర్చి దాటాడు. రెండో ఎడమ తిరిగాడు.

అక్కడ నిజంగానే గులాబి రంగు ఇల్లుంది. ఈ ఊళ్లో గులాబి ఇల్లు లేని వీధి ఎక్కడుంది గనక? దాని పక్కన సందు కూడా ఉంది. నాలుగిళ్ల తర్వాత అది మెట్రో యార్డు గోడకి తగిలి ఆగిపోయింది. ఆ గోడ ముందు సంచి పట్టుకుని ఎడితా క్రాల్ నిలబడి ఉంది. దారి తప్పిన పిల్లలా గోడని చూస్తోంది.

మిరేయా ఆవిడ చెయ్యి పట్టుకుని గులాబి ఇంటి గుమ్మంలోకి లాగింది. సందు మొదట్లో అడుగుల చప్పుడైంది. లెయాండ్రో గబగబా ఆర్గన్ దించి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాడు.

దర్జీ వచ్చాడు. చంకలో న్యూస్‌పేపర్, చొక్కా మీద సూప్ మరక.

"ఏం తమ్ముడూ, బేరాలెలా ఉన్నాయి?" అన్నాడు, పుట్టి పెరిగినవాడి యాసలో. "బూడిదరంగు స్వెటర్ వేసుకున్నావిడ ఎటెళ్లిందో చూశావా?"

చెయ్యి ఎత్తి ఏదో ఒక దిక్కు చూపిస్తే చాలు. జీవితమంతా చేసిన పనే. కానీ ఆ మధ్యాహ్నం ఆ చెయ్యి చేసిన నిర్వాకం తలచుకునేసరికి లెయాండ్రోకి అది లేవలేదు.

"తెలియదండీ," అన్నాడు.

దర్జీ ముఖంలో చిరునవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఈ ఊరొచ్చి నాలుగేళ్లయింది," అన్నాడు. "ఆ మాట ఇదే మొదటిసారి వినడం. ఎవరు నువ్వు?"

మడిచిన పేపర్ చంకలోంచి జారి చేతిలోకి వచ్చింది. దాని కొసన సూది సన్నగా తళుక్కుమంది. లెయాండ్రోకి ఒక్కటే తోచింది, ఆర్గన్‌ని రెండు చేతులా ఎత్తి ముందుకి తోశాడు. సూది చెక్కలోకి దిగబడింది. లోపలి గాలితిత్తి చిరిగి ఆర్గన్ పెద్దగా మూలిగింది. దర్జీ సూదిని ఊడబెరికి మళ్లీ ఎత్తాడు. అది లెయాండ్రో మెడ దాకా వచ్చింది. అప్పుడు గుమ్మంలోంచి ఎడితా చేతిలోని తాళ్ల సంచి గిర్రున తిరిగి వచ్చి దర్జీ కణత మీద పడింది.

అనాసపండు మంచి బరువున్నది. దర్జీ నేల మీద ఒరిగాడు. మిరేయా ఎత్తుమడమ అతని మణికట్టు మీద మోపి, చిందరవందరైన కొత్తిమీర మధ్యలోంచి సూదిని జాగ్రత్తగా తీసుకుంది.

ఎడితా లెయాండ్రో రెండు చేతులూ పట్టుకుంది. ఆ హోటల్‌లో ఎవరున్నారో మిరేయా అప్పుడే చెప్పింది ఆవిడకి.

"మీరు ముందే పసిగట్టారు, కదూ? అందుకే నన్నిటు పంపారు. నా ప్రాణం కాపాడారు," అంది.

ఔనంటే సరిపోయేది.

"లేదమ్మా," అన్నాడు లెయాండ్రో, ఆవిడ ముఖంలోకి చూడలేక. "నాకు దారి తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది."

ఎడితా మాత్రం తప్పు తనదేనంది. ఈ ఊళ్లో ఎప్పుడూ ముగ్గుర్ని అడిగి, ఇద్దరు ఒకేమాట చెబితేనే కదులుతుందట. ఇవాళ భయంతో ఒక్కరినే అడిగిందట. ఆవిడ అంత నెమ్మదిగా చెప్పడం అతనికి తిట్టినదానికంటే ఎక్కువగా తగిలింది.

మర్నాడు కర్నల్ రిపోర్టు చదివి వినిపించింది. హోటల్ బయటపడిందని ఊహించిన ఏజెంట్ ఒసోరియో సమయస్ఫూర్తితో టార్గెట్‌ని దారి మళ్లించాడని అందులో ఉంది. దాంతోపాటు ఒక పతకం కూడా ఉంది.

"అది నిజం కాదు కర్నల్. ఛానల్‌లో అందరూ విన్నారు," అన్నాడు లెయాండ్రో.

"విన్నవాళ్లంతా మన ఊరివాళ్లే," అంది ఆవిడ జావ ఊదుకుంటూ. "పైనుంచి ఎవరైనా అడిగితే, నీకు ఆ సందు చిన్నప్పటి నుంచి తెలుసని వాళ్లే సాక్ష్యం చెప్తారు. పతకం పెట్టుకో. పరువు పోయిందిగా, బుద్ధి ఎలాగూ వచ్చి ఉంటుంది."

ఆ చిన్న పతకం అతనికి ఆర్గన్ కంటే బరువనిపించింది. దాన్ని జేబులో వేసుకుని, ఇకమీదట తెలియనిది తెలియదనే చెప్పాలని ఒట్టు పెట్టుకుని, మెట్రో వైపు నడిచాడు. స్టేషన్ మెట్ల దగ్గర కూరల సంచితో ఒక పెద్దావిడ అతన్ని ఆపి, పువ్వుల వీధి ఎటు నాయనా అని అడిగింది.

చెయ్యి లేవబోయింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఆపాడు.

"తెలియదమ్మా, క్షమించండి," అన్నాడు.

ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా ఎగాదిగా చూసింది.

"దారి అడిగితే అలాగేనా చెప్పడం?" అంది. "ఏ ఊరు నాయనా నీది?"