గంగమ్మ బండ చుట్టూ

కాలిలో ముల్లు దిగి కూలబడకపోతే ఈశ్వరి ఆ రోజు కూడా ఉమామహేష్‌కి కనిపించేది కాదు.

యారాడ కొండమీద జీడిమామిడి తోపు దాటి దారి బండల్లోకి తిరిగేచోట కూర్చుని, పిన్నీసుతో అరికాలు పొడుచుకుంటోంది. చేతులనిండా పసుపు. బుధవారం ఆమె పెళ్లి. పెళ్లికూతురు ముందుగా గంగమ్మ బండ చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలన్నది ఆ ఊరి ఆనవాయితీ. తోడొచ్చిన మేనత్త పోతమ్మ, మోకాళ్లు మొరాయించి కిందే ఉండిపోయింది.

అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పనిచేసే ఉమామహేష్ సెలవుమీద ఇంటికొచ్చి, ఊళ్లో పెళ్లి సందడి భరించలేక కొండెక్కాడు. తప్పించుకుందామని వచ్చినవాడు సరిగ్గా పెళ్లికూతురి ముందే తేలాడు.

"అలగ్గాదు, ఇంకా లోపలికి తోసీత్తన్నావు. ఇటియ్యి."

"అక్కర్లేదు. ఇంతకన్నా పెద్ద ముల్లులే సూసినాను."

"నన్నేనా అంటన్నావ్?"

"లేదు, కొండనంటన్నాను."

అంటూనే కాలు ముందుకు చాపింది. ముల్లు చిన్నదే. దాన్ని తీయడానికి అతను తీసుకున్న టైమే పెద్దది.

"ఇన్నాళ్లకి ఈ దారి గుర్తొచ్చిందేటి?" అంది ఈశ్వరి ఎటో చూస్తూ. "అప్పుడు రమ్మని సెప్పి రాలేదు గాని."

అతని చెయ్యి ఆగిపోయింది. "ఎవలు రాలేదు?"

అది ఏడాది కిందటి ఆదివారం సంగతి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని ఆమె చెప్పినప్పుడు, అతను గుండె దిటవు చేసుకుని ఒక మాటన్నాడు. "ఆదివారం పొద్దున్నే గంగమ్మ సుట్టు దారిలో కలుద్దాం. ఇష్టముంటే రా. రాకపోతే ఇష్టం లేదనుకుంటాను. మళ్లీ ఆ ఊసెత్తను." ఒకచోట నిలబడితే కట్టెలకొచ్చే ఆడవాళ్ల కంట పడతారు, నడుస్తూ ఉంటే మొక్కు తీర్చుకుంటున్నారనుకుంటారు. అదీ అయ్యగారి తెలివి! సముద్రం వైపునుంచి అతను, ఊరి వైపునుంచి ఆమె బయల్దేరి దారిలో ఎదురుపడాలి.

"మూడు సుట్లు తిరిగినాను," అంది ఈశ్వరి. "కాళ్లు పీకేసినాయి. నువ్వెక్కడా లేవు."

"నానూ తిరిగినాను. నువ్వే లేవు."

"ఎటేపునుంచి తిరిగినావేటి?"

"ఎటేపేటి? అమ్మని కుడిపక్కనెట్టుకునే. ఎదురు తిరుగుతారేటి ఎవలైనా?"

"నానూ అంతే," అంది ఈశ్వరి నెమ్మదిగా.

గంగమ్మను ఎడమపక్కన పెట్టుకుని తిరిగితే వేటకెళ్లిన పడవలకు కీడని పుట్టినప్పటినుంచీ విన్నవాళ్లు. మధ్యలో అంత బండ పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు గానుగెద్దుల్లా తిరిగారు. ఎవరో ఒకరు కాసేపు చతికిలబడ్డా కలుసుకునేవారే. ప్రేమించినవాళ్లకు కాలు నిలిస్తేగా!

ముందు ఈశ్వరికి నవ్వొచ్చింది. పగలబడి నవ్వింది. అతనూ నవ్వాడు. కొంతసేపటికి ఇద్దరూ నవ్వడం మానేశారు.

"రెండో సుట్టులో దారిమీద కనకాంబరాలు పడున్నాయి," అన్నాడు. "వాడనైనా లేదు. ఎవలో ముందెల్లినారనుకున్నాను."

"నావే. నీకోసమే పెట్టుకున్నాను."

"మరి ఫోన్ సెయ్యొచ్చు కదా!"

"నువ్వు సెయ్యలేదేటి? ఊసెత్తనన్నది నువ్వు. ఆడపిల్లని, నానెత్తుతానేటి?"

ఆమె కాదందనుకుని ఏడాదంతా హాస్టల్ గదిలో కుమిలిపోయాడు. ఒక్క ఫోను చేసుంటే సరిపోయేది. పౌరుషమనుకున్నది ఉత్త భయమని ఇప్పుడు తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఈస్సరీ, నువ్వంటే నాకు పేణం. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

ఆమె కళ్లు తుడుచుకుంటే పసుపు చెంపకంటింది. "ఈ ముక్క ఆ రోజు బండకి వినపడేలా అరిసినా నాకు వినిపించును."

"ఇంకా బుధవారం కాలేదు కదేటి."

"నిన్న పందిరి రాట ఏసీసినారు, మహేసూ. ఆయనకి సరేనన్నాను. ఇప్పుడు ఆయన్ని కూడా ఈ కొండ సుట్టూ తిప్పమంటావేటి?"

తిప్పమనలేకపోయాడు.

కిందనుంచి పోతమ్మ కేక వినిపించింది. "ఓలే ఈస్సరీ! సుట్టు తిరుగుతన్నావా, అటే అత్తోరింటికి ఎల్లిపోనావా?"

"వత్తన్నానత్తా!" అని ఈశ్వరి లేచి చీర దులుపుకుంది.

"మంచోడేనా?" అని అడిగాడు ఉమామహేష్.

"మంచోడే." కుంటుతూ రెండడుగులు వేసి ఆగింది. "పెళ్లిసూపులనాడు అందరి ముందూ నీకిష్టమేనా అని నన్నే అడిగినాడు. నానేటీ అనలేదు. పెద్దోళ్లు నవ్వినారు, టీ సల్లారిపోనాది. నాను బదులు సెప్పేదాకా ఆయన కదలకుండా కూకున్నాడు."