ఎంగిలి బొప్పాయి

గూడూరు స్టేషన్ వంతెన మీద డాక్టర్ కామాక్షయ్యను పట్టపగలే కాల్చి చంపారు.

"ఆయన కల్చర్ ఒక్కటే మిగిలింది" అన్నాడు చీఫ్ పద్మనాభయ్య ఫోన్లో. "పేగువాపు రోగులు మందుతో పాటు తినే పులిసిన బొప్పాయిలోని మేలుచేసే సూక్ష్మజీవులు. దాన్ని ఎత్తుకుపోయి, ఇక్కడ చుక్క కూడా మిగల్చకూడదని ఒక విదేశీ ముఠా ప్లాన్. చిట్టమూరు ల్యాబ్‌లో మన ఏజెంట్ వినీల ఉంది. కోడ్ 'జాడీకి వాసెన కట్టారా?' జవాబు 'పల్చటి గుడ్డతోనే'."

ఫోన్ వింటున్న ఏజెంట్ విజయభాస్కర్‌కు ఒళ్లు మండిపోయింది. నెత్తురు విరేచనాలతో ఏళ్లు నరకం చూసిన మనిషి అతను. కామాక్షయ్య ట్రయల్లో చేరి, మందులతో పాటు ఆ బొప్పాయి తింటున్నాక ఇప్పుడిప్పుడే కడుపు మాట వింటోంది. చంపినవాణ్ణి వదిలేది లేదనుకుని, రొయ్యల మేత అమ్మేవాడి వేషంలో బయలుదేరాడు.

ల్యాబ్ నిండా బ్లీచింగ్ వాసన. జాడీలన్నీ పగిలి ఉన్నాయి. మధ్యలో పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో వినీల నిలబడి ఉంది.

"జాడీకి వాసెన కట్టారా?" అన్నాడు భాస్కర్.

"పల్చటి గుడ్డతోనే" అంటూ ఆమె పిస్టల్ గురిపెట్టింది. "చేతులెత్తు భాస్కరన్నా."

పిస్టల్, ఫోన్, పెన్ కెమెరా అన్నీ లాగేసుకుంది. అతని సంచిలోని టిఫిన్ డబ్బా బయటికి లాగి మూత తీసింది. కొంత తిన్న పెరుగన్నం, కొరికిన బొప్పాయి ముక్క కనిపించాయి.

"ఛీ, ఎంగిలి!" అంటూ మూత పెట్టేసి, డబ్బాను అతని సంచిలోకే తోసింది.

బందీగా అతన్ని ఎండలో పులికాట్ ఒడ్డుకు నడిపించింది. అక్కడ ముఠా మోటారు పడవ సిద్ధంగా ఉంది. ఆమె చేతిలోని స్టీలు ఫ్లాస్కులో చివరి కల్చర్ ఉంది. దాని మూత బిగించి ఉండటం భాస్కర్ చూశాడు.

"కామాక్షయ్యను నువ్వే చంపినావా?"

"నేనే. నన్ను నమ్మినాడు."

"ఆ మూత వదులు చెయ్. బతికున్న పులుపది, లోపల గాలి పుడతా ఉంటాది. జాడీలకు గుడ్డ ఎందుకు కట్టేదనుకున్నావు?"

"నాకు కథలు చెప్పబాక" అంది వినీల. ఫ్లాస్కును చంకలో ఇరికించుకుని, పిస్టల్‌ను అతని నుదుటికి ఆనించి ట్రిగ్గర్ మీద వేలు బిగించింది.

ఢామ్!

పేలింది ఫ్లాస్కు. మూత ఎగిరి ఆమె దవడకు తగిలింది. గుండు గాల్లోకి పోయింది. మరుక్షణం పిస్టల్ భాస్కర్ చేతిలో ఉంది. పారిపోబోయిన పడవను చీఫ్ ముందే పంపిన కోస్ట్ గార్డు అడ్డగించింది. కల్చర్ మాత్రం ఉప్పు బురదలో కలిసిపోయింది.

"ఇంక ఎవురికీ లేదు" అని నవ్వింది వినీల, దవడ పట్టుకుని. "నీకు కూడా లేదు. అట్నే చావు."

ఆ నవ్వు చూస్తే అసహ్యం వేసింది. అతను సంచిలోంచి టిఫిన్ డబ్బా తీశాడు. "ఇదుంది గదా, డాక్టర్ ఇచ్చిన బొప్పాయి."

ఆమె ముఖం పాలిపోయింది. "అది ఎంగిలి!"

"ల్యాబోళ్లు దాన్లోనించి కల్చర్ వేరు చేసుకుంటార్లే. ఆ విదేశీవోళ్లు గాని వచ్చింటే డబ్బాతో సహా ఎత్తకపొయ్యేవాళ్లు. నువ్వు నెల్లూరు పిల్లవి కాబట్టి ముట్టుకోలా."

భాస్కర్ వినీల దగ్గర్నుంచి తన ఫోన్ తీసుకుని చీఫ్‌కు కలిపాడు.

"కల్చర్ భద్రమేనా?"

"భద్రమే సార్. నాకే, ఈ పూటకి తిండి లేదు."