కోరలీ డేన్ కాళ్ళ చప్పుడు

మధ్యాహ్నం భోజనాల గంట మోగాక వెర్నా శబ్దం పట్టే గదికి వచ్చింది. బయట హాలీవుడ్ ఎండ చురచురలాడుతోంది. సినిమా బొమ్మలకు మాటలూ పాటలూ వచ్చి మూడేళ్ళయినా కాలేదు. అప్పటికే స్టూడియోలో చప్పుడు మారుమోగకుండా గోడలన్నిటికీ దళసరి కంబళ్ళు కొట్టేశారు.

"ఏమ్మాయ్, ఏమైనా తిన్నావా?" అన్నాడు శబ్దం పట్టే ముసలి ఓటిస్, హెడ్‌ఫోన్లు సర్దుకుంటూ.

"తింటే అదీ నాతోపాటు గెంతుతుంది బాబాయ్. ముందు పని కానీ."

ఆ రోజు పని, సినిమా తార కోరలీ డేన్ ఆఖరి పాట. గొంతు బాగా వచ్చింది, కాళ్ళ చప్పుడే రాలేదు. తెరమీద ఆమెను చూస్తూ, రేకులు కొట్టిన బూట్లతో అడుగుకి అడుగు కలిపి వెర్నా ఆ చప్పుడు పుట్టించాలి. కోరలీనే పిలుద్దామంటే ఆమె లేదు. ఆ పాట తీసిన రోజే పోయింది.

ఆ రోజు వెర్నా ఆమె వెనక వరసలో, చేతికందేంత దూరంలో ఆడింది. మైకులో రొద పడుతుందని ఫ్యాన్లు ఆపేశారు. తలుపులు బిగించేశారు. నెత్తిన దీపాల సెగ. పదకొండోసారి తీస్తున్నప్పుడు, బాజాలు హోరెత్తే చోట, కోరలీ నవ్వు చెదరనివ్వకుండా గొణిగింది. "తలుపు తియ్యమను... ఊపిరాడటం లేదు." వెర్నా నోరు విప్పితే షాటు పాడవుతుంది. ఉద్యోగం ఊడుతుంది. తనూ నవ్వుతూనే ఆడింది. పాట ముగియగానే కోరలీ కూలిపోయింది, మళ్ళీ లేవలేదు.

ఆ గొణుగుడు సంగతి వెర్నా ఎవరికీ చెప్పలేదు.

"బయట గడియ పెడుతున్నా. బొమ్మ అయ్యాకే తీస్తా," అని ఓటిస్ తలుపు మూసి పక్కగదిలోకి వెళ్ళాడు.

చీకటి. కొత్త ఉన్ని వాసన. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. కాసేపటికి చిన్న తెర వెలిగింది. తెల్లని ఈకల గౌనులో కోరలీ నవ్వుతూ వచ్చింది. వెర్నా కాళ్ళు అందుకున్నాయి. టక టక్... టకటక టక్. మొదటి చరణం చక్కగా సాగింది.

రెండో చరణంలో గదిలో వేడెక్కింది. మొహానికి పూసే రంగు కరిగిన వాసన... కాలిన ఈకల వాసన.

వెర్నా ఒక అడుగు తప్పింది. చప్పుడు తప్పలేదు.

ఆమె ఆగిపోయింది. టక టక్... టకటక టక్. చప్పుడు తన వెనక నుంచి వస్తోంది. చేతికందేంత దూరంలో.

తెరమీద కోరలీ ఆడటం మానేసింది. పాట మాత్రం సాగుతోంది. ఆమె ముందుకొచ్చింది. ఇంకా ముందుకి... తెరంతా ఆమె మొహమే. పెదవులు పాడటం లేదు. వాటి మీద వెర్నా ఆ రోజు గొణిగిన మాటనే చదవగలిగింది.

పరుగెత్తి తలుపు మీద పడింది. బాదింది. "బాబాయ్! తియ్యి! తియ్యి బాబాయ్!" కంబళ్ళు అరుపును మింగేశాయి. గాలి లేదు. వెనక అడుగులు దగ్గరయ్యాయి... మెడ మీద వేడి ఊపిరి...

"నీకు వినపడింది కదూ," అంది కోరలీ గొంతు, మెల్లగా.

"వినపడింది," అని ఏడ్చింది వెర్నా. "వినపడింది. భయపడ్డాను..."

గడియ కదిలింది. వెలుగు. ఆమె ఓటిస్ కాళ్ళ దగ్గర పడింది.

"అయ్యో పిల్లా, ఏమైంది? అద్భుతంగా ఆడావు. ఒక్క అడుగూ పోలేదు!"

"అరిచాను... వినపడలేదా?"

"అరవడమా? మైకులో కాళ్ళ చప్పుడొక్కటే ఉంది."

అప్పుడే తెరమీద బొమ్మ వేసే లూథర్ మేడమెట్లు దిగి వచ్చాడు. చేతిలో తెగిన ఫిల్ము వేలాడుతోంది. "తిట్టకండి. బొమ్మ తెరమీద పడకముందే పుటుక్కుమంది. ఇంకా అతుకుతూనే ఉన్నా. పది నిమిషాల్లో మొదలెడతాను."

ఓటిస్ మొహం పాలిపోయింది. మెడలో ఉన్న హెడ్‌ఫోన్లను చెవికి పెట్టుకున్నాడు. ఖాళీ గది వైపు చూశాడు.

"లోపల," అన్నాడు గుసగుసగా, "ఎవరో అడుగులకి తాళం లెక్కపెడుతున్నారు... ఐదు, ఆరు, ఏడు..."