ముడుచుకున్న వేలు

సంగటి కెలకడం పూర్తయ్యేసరికి బయ్యన్న గూట్లోంచి కొత్త చెప్పుల జత తీసి గడప పక్కన పెట్టాడు. వారం నుంచీ ఇదే వరస. పొద్దున అతను వాటిని గడప దగ్గర పెడతాడు, సాయంత్రం చేను నుంచి వచ్చేసరికి అవి మళ్లీ గూట్లో కూర్చుని ఉంటాయి. కంబదూరులో చెప్పులు కుట్టే మనిషి ఎదుట పూటంతా కూర్చుని, డాక్టరమ్మ చెప్పినట్టు ముందువైపు వెడల్పుగా, పట్టీ వేళ్లకు తగలకుండా పాదం మీదికి వచ్చేలా, మెత్తటి తోలుతో కుట్టించిన చెప్పులవి. అంత ముచ్చటపడి కుట్టిస్తే ఇంతవరకూ వాటికి దుమ్మయినా అంటలేదు.

"ఈ దినమన్నా వేసుకో. వేలిలో తీగ పీకేసి ఎన్నాళ్లాయ. ఇంక మామూలు చెప్పులేసుకొని నడువు అని డాక్టరమ్మ చెప్పె గదా," అన్నాడు.

"వేసుకుంటాలే. ఇంకా సలుపుతాండాది," అంది అతని పెళ్లాం లక్ష్మీదేవమ్మ, పొయ్యి వైపు ముఖం తిప్పుకుని.

బయ్యన్న సంగటికి కూర్చున్నాడు. సంగటి ముద్దకు ఊరిబిండి నంజుకుంటూ తల్లి రామసుబ్బమ్మకు బావి సంగతులు చెప్పాడు. వానలు మొహం చాటేశాక బావి అడుగంటింది. లోతు చేద్దామంటే రాయి పడింది. ఇప్పుడు ఆ రాతికి బెజ్జాలు కొట్టి, తూటాలు పెట్టి పేలుస్తూ దిగుతున్నారు. వత్తి అంటించేది బయ్యన్నే. కూలికి వచ్చే తిప్పయ్యకు ఆ పని అప్పగించడానికి అతనికి మనసొప్పదు. అడుగురాయి చేతికి చల్లగా తగులుతోందనీ, మధ్యాహ్నం దానికి తూటా పెడతామనీ చెప్పి, తలగుడ్డ చుట్టుకుని వెళ్లాడు. ఆ గుడ్డ కింద, కనుబొమ్మ పైన, ఇంకా పచ్చిగా ఉన్న గాయం లక్ష్మీదేవమ్మ కంటపడింది. ఆ గాయానికి కారణం తన కాలివేలే అని ఆమె నమ్మకం.

వినేవాళ్లకు నవ్వు రావచ్చు. ఆమెకు రాలేదు. పద్దెనిమిదేళ్ల కిందట ఆమెను చూడడానికి వచ్చిన రోజు, కాళ్లు కడుక్కుని తడికాళ్లతో బండల మీద నడవమన్నారు. బొటనవేలి కన్నా పక్కవేలు పొడుగ్గా ఉంటే ఆ పిల్ల మొగుడికి అచ్చిరాదని ఆ ఇళ్లలో ఒక పట్టింపు. లక్ష్మీదేవమ్మకు ఒక కాలికి ఉన్నది సరిగ్గా అలాంటి వేలే. గడప దాటే ముందు తల్లి ఆమె చెవిలో, వేలు ముడుచుకుని నడువు అంది. పిల్ల అలాగే నడిచింది. కాబోయే అత్త రామసుబ్బమ్మ వంగి, బండల మీది తడి గుర్తులను ఒక్కొక్కటే చూసి, తృప్తిగా తలాడించింది.

ముడిచిన వేలిని విప్పే రోజు మళ్లీ రాలేదు. అత్త ఎదుట ముడుచుకుంది, మొగుడి ఎదుట ముడుచుకుంది, చివరికి నిద్రలో కూడా ముడుచుకునే పడుకుంది. ఏళ్లు గడిచేసరికి ఆ వేలే విప్పుకోవడం మరిచిపోయింది. నడిమి కణుపు దగ్గర గూనిలా పైకి లేచి అలాగే బిగుసుకుపోయింది. ఆ గూని మీద చెప్పు పట్టీ ఒరుసుకుని కాయ కాచింది, కాయ కాస్తా పుండయింది. చెప్పులు మానేసి వట్టి కాళ్లతో తిరిగితే తుమ్మముల్లు దిగి చీము పట్టింది. ఇక లాభం లేదని బయ్యన్న ఆమెను అనంతపురం తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ ముందు పుండు మాన్పింది. తరువాత కణుపులో కాస్త ఎముక తీసి, వేలు సాపు చేసి, అది అతుక్కునేదాకా వేలి నడుమ సన్నటి తీగ పెట్టింది. ఆ కాలి మెట్టె తీసి పసుపు భరిణెలో దాచారు. ముందు భాగం కోసేసిన బయ్యన్న పాత కాన్వాసు బూటులో కాలు పెట్టుకుని, తీగ కొస బయటికి కనిపిస్తుండగా లక్ష్మీదేవమ్మ నెలన్నర పాటు ఇంట్లో కుంటింది. తీగ లాగేసిన రోజు డాక్టరమ్మ వేలిని కదిపి చూసి, ఈ కణుపు ఇంక ఎప్పటికీ వంగదమ్మా అని నవ్వుతూ చెప్పింది. వాపు తగ్గడానికి ఇంకొన్ని నెలలు పట్టొచ్చనీ, కట్లు మాత్రం వద్దనీ, వెడల్పాటి చెప్పులు వేసుకుని రోజుకింత నడవమనీ చెప్పింది. మొగుడూ అత్తా సంతోషించారు. లక్ష్మీదేవమ్మ గుండె గుభేలుమంది.

ఇంటికొచ్చిన నాలుగు రోజులకే బావిలో రాతి చెక్క ఎగిరి బయ్యన్న నుదురు చీలింది. ఇంకొంచెం కిందయితే కన్ను పోయేదని తిప్పయ్య చెప్పాడు. ఆ రోజే లక్ష్మీదేవమ్మ పెరట్లో కూర్చుని, వేలికి చీర పేలిక చుట్టి, దాని మీద నూలుదారం బిగించి, వంగనంటున్న వేలిని వంచడం మొదలుపెట్టింది. రోజుకింత బిగిస్తే ఎప్పటికో వంగకపోతుందా అని ఆశ. ఇంతకన్నా బుద్ధితక్కువ పని ఉండదు. కానీ భయపడ్డ మనిషికి బుద్ధి చెప్పేదెవరు, అందులోనూ ఆ భయం ఎవరికీ చెప్పుకునేది కానప్పుడు.

కూతురూ కొడుకూ కళ్యాణదుర్గంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నారు. పగలంతా ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే. రామసుబ్బమ్మ కొన్నాళ్లుగా కోడలి నడకను కనిపెడుతూనే ఉంది. తీగ ఉన్నప్పటి కన్నా ఇప్పుడే ఎక్కువ కుంటుతోంది. అత్త భయం అత్తది. ఊళ్లో ఒక మనిషికి ఇలాగే వేలు నల్లబడి, అది పైకి పాకి, మోకాలిదాకా కాలు తీసేశారు.

మధ్యాహ్నం రామసుబ్బమ్మ కోడలి చేతిలోని చేట పక్కకు జరిపి, కట్టు విప్పి చూపమంది. లక్ష్మీదేవమ్మ దుమ్ము పడుతుందని ఒకసారి, డాక్టరమ్మ విప్పొద్దందని ఒకసారి చెప్పింది. డాక్టరమ్మ ఎదుట తానూ ఉన్నాననీ, ఆమె అసలు కట్టే వద్దందనీ రామసుబ్బమ్మ గుర్తు చేసింది. మాట మీద మాట పెరిగింది.

"నేనేమన్నా నీకు పగదాన్నా? కాలు కుళ్లిపోయినంక చూపిస్తావా యేమ్మీ?"

"నా కాలు నా ఇష్టమత్తా. నన్ను వదిలెయ్."

ఇన్నేళ్లలో కోడలు అలా ఎదురు చెప్పడం అదే మొదలు.

అప్పుడే చేను వైపు నుంచి తిప్పయ్య కేక వినిపించింది. తూటా పెట్టాం, పక్కకు పొమ్మని దారిన పోయేవాళ్లకు చెప్పే కేక అది. రోజూ ఆ కేక వినగానే లక్ష్మీదేవమ్మ చేతిలో పని ఆపి ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. కాసేపటికి ఢామ్మని మోత వస్తుంది, గూట్లో గిన్నెలు అదురుతాయి, ఆమె ఊపిరి వదులుతుంది. ఈరోజు కేక వచ్చింది. మోత రాలేదు.

ఇద్దరూ ఎదురుచూశారు. పెరట్లో కోడి మట్టి గెలుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"వత్తి ఆరిపోయిందేమోలే," అంది రామసుబ్బమ్మ. వత్తి ఆరితే ఎవరో ఒకరు బావిలోకి దిగి చూడాలి. దిగేది ఎవరో ఇద్దరికీ తెలుసు.

లక్ష్మీదేవమ్మ కాలు దగ్గరికి లాక్కుంది. వంగి దారం కొస పట్టుకుని, పళ్లు బిగించి, ఇంకా గట్టిగా లాగింది. నొప్పికి ఆమె నోటి నుంచి మూలుగు వచ్చింది. రామసుబ్బమ్మ ఆ చెయ్యి తోసేసి, కత్తి తెచ్చి, దారం కోసి పేలిక విప్పింది.

వేలు వాచి నీలంగా తిరిగి ఉంది. దారం దిగిన చోట చర్మం తెగి నెత్తురు చిమ్మింది. అయినా వంగలేదు. కాస్త ఎముక తీసేసినా సరే, బొటనవేలిని దాటుకుని తిన్నగా చాచుకుని ఉంది.

"ఇది నువ్వే కట్టుకుంటివా?"

లక్ష్మీదేవమ్మ బావురుమంది. తల్లి చెవిలో చెప్పిన మాట దగ్గర నుంచి అన్నీ తడబడుతూ చెప్పింది. "నా వేలు పొడుగత్తా. నిన్ను మోసం చేసి ఈ ఇంటికొచ్చినా. ముడుచుకొని ఉన్నన్నాళ్లూ ఆయప్పకు ఏమీ కాలేదు. సాపు చేసినంకనే ఆ రాయి తగిలె. ఈ దినం ఏమయితాదో."

రామసుబ్బమ్మ ఆ వేలి వంక చూసింది. చెప్పకూడదు గానీ, ఆ క్షణాన ఆమె కళ్లలోకి కూడా అదే భయం వచ్చింది. కోడలి కాలు వదిలేసి వెనక్కి జరిగింది. జరగడం లక్ష్మీదేవమ్మ చూసింది. తిట్టినా, కొట్టినా ఆమెకు అంత బాధ కలిగేది కాదు.

అప్పుడు పేలింది.

గూట్లో గిన్నె ఒకటి కిందపడి దొర్లింది. ఇంత ఆలస్యంగా పేలిందంటే బయ్యన్న ఎక్కడున్నట్టు? పైనా, లోపలా? లక్ష్మీదేవమ్మ వట్టి కాళ్లతోనే వాకిట్లోకి పరుగెత్తింది. నాలుగడుగులు వేసిందో లేదో కాలు మడత పడి కూలబడింది. మళ్లీ లేవబోయింది. చేనుదాకా దారంతా గులకరాళ్లు, ముళ్లు.

రామసుబ్బమ్మ గడప దగ్గర ఒక్క నిమిషం నిలబడిపోయింది. తరువాత ఆ కొత్త చెప్పులు తీసుకుని వచ్చి, కోడలి ముందు మట్టిలో మోకాళ్లూని, కాలిని తన ఒళ్లోకి లాక్కుంది. అత్త కోడలి కాళ్లు పట్టుకోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. లక్ష్మీదేవమ్మ గాభరాగా వెనక్కి తీసుకోబోయింది.

"కదలాకు. ఆడ నా కొడుకుండాడు. నువ్వు లేకుండా నేను ఒక్కదాన్నే పోలేను." వేలికి తగలకుండా పట్టీ సర్ది, లేపి నిలబెట్టింది. "నా భుజం పట్టుకో."

ఎదురుగా చేను మీద పొగ లేస్తోంది, మనిషి జాడ మాత్రం లేదు. లక్ష్మీదేవమ్మ మనసులో ఎన్నెన్ని పాడు ఊహలు తిరిగాయో. ప్రతి అడుగుకూ వేలు జివ్వుమంటోంది. అయినా అత్త అడుగులో అడుగు కలుపుతూ నడిచింది.

బావి గట్టు అవతల, రాళ్లకుప్ప వెనక నుంచి ముందు తిప్పయ్య తల లేచింది. ఆ వెనకే బయ్యన్న లేచాడు, కనుబొమ్మలదాకా దుమ్ముతో.

బెజ్జంలో నీళ్లు ఊరి వత్తి తడిసిందట. నిప్పు లోపల్లోపలే మెల్లగా నడిచింది. ఆరిపోయిందనుకుని బయ్యన్న దిగబోతే, తిప్పయ్య ఇంకా కాసేపు ఆగమని నడుము పట్టుకుని వదల్లేదు. రాళ్లకుప్ప వెనక ఆ పెనుగులాటలో ఉండగానే పేలింది; పొగ తగ్గేదాకా అక్కడే ఆగారు. బయ్యన్న సంబరంగా బావిలోకి చెయ్యి చూపించాడు. పగిలిన రాతి సందుల్లో తడి మెరుస్తోంది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన నీళ్లు అవి. ఆడవాళ్లిద్దరూ అటు చూడనైనా చూడలేదు. అతన్నే చూస్తూ నిలబడ్డారు.

లక్ష్మీదేవమ్మ అక్కడి బండ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బయ్యన్న నీలంగా ఉన్న వేలు చూసి కంగారుపడి, ఏమైందని తల్లిని అడిగాడు. రామసుబ్బమ్మ ముడుచుకున్న వేలి సంగతంతా రెండు ముక్కల్లో చెప్పింది. కోడలి పక్కన కూర్చుని, తన చెప్పులు విప్పేసి, కాళ్లు చాచింది.

"చూడమ్మీ, నా కాళ్లు."

ముడతలు పడిన పాదాలు. పక్కవేలు బొటనవేలి కన్నా పొట్టిగా, ఒద్దికగా ఉంది.

"నన్ను చేసుకునేటప్పుడు మా అత్త దారం పెట్టి కొలిచింది. మంచి వేలు అని అందరికీ చెప్పుకునింది. ఆ మంచి వేలు పెట్టుకొనే నీ మామను కలరాకు పోగొట్టుకుంటి. అప్పటికి వీనికి పాలపళ్లు గూడా ఊడలేదు."

లక్ష్మీదేవమ్మ ఏడుపు ఆపి అత్త ముఖంలోకి చూసింది. "మరి నా కాళ్లు ఎందుకు చూస్తివత్తా?"

"భయం. నా మంచి వేలే ఏమీ చెయ్యలేకపోయ, వచ్చేదానికి చెడ్డ వేలుంటే నా కొడుకు ఎట్ల బతుకుతాడని." రామసుబ్బమ్మ తన కాళ్లను వెనక్కి లాక్కుంది. "నీ మామ పోయినంక నేను ఎదురొస్తే అందరూ పక్కకు జరిగినారు. ఆ బాధ తెలిసి గూడా ఈ దినం నిన్ను చూసి నేను జరిగితి. తప్పమ్మా అది."

లక్ష్మీదేవమ్మ అత్త చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరి ఏడుపూ కలిసిపోయింది.

ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, పెళ్లాం కాలు ముడుచుకుని నడుస్తోందని తనకు తెలియనందుకు బయ్యన్నకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు వేళాకోళం ఆడడం అతని అలవాటు. "పొడుగు వేలు ఆడది మొగుణ్ణి ఏలుతాదంటారు గదా. అది మాత్రం నిజమే. చెప్పులేసుకోమని వారం నుంచి మొత్తుకుంటాండా, వినిందా?" అన్నాడు. రేపు మొదటి బస్సుకే అనంతపురం పోదామనీ, డాక్టరమ్మ తిట్టే తిట్లు ముగ్గురమూ కలిసి తిందామనీ అన్నాడు. అంటూ అంటూ తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

రామసుబ్బమ్మ కోడలి చెప్పు తీసి, అక్కడున్న కుండలోంచి నీళ్లు వంచి ఆ కాలికి అంటిన దుమ్మూ నెత్తురూ కడిగింది. లేవడానికి లక్ష్మీదేవమ్మ ఆ కాలు బండ మీద ఆనించింది. పాత అలవాటు కొద్దీ వేలు ముడవబోయింది. వేలు ముడుచుకోలేదు. కాలు ఎత్తేసరికి బండ మీద తడి గుర్తు పడింది, అందులో పక్కవేలు అన్నిటికన్నా ముందుకు చాచుకుని ఉంది.

రామసుబ్బమ్మ వంగి, ఆనాటిలాగే ఆ గుర్తును చూసింది.

"రేపు మన పాపను చూసేదానికి ఎవురన్నా వచ్చి, తడికాళ్లతో నడవమంటే, ముందు నేను నడుస్తా," అంది. "నా మంచి వేలి అడుగులు చూసుకొని, వచ్చిన దారినే పొమ్మను."

ఎండకు ఆ గుర్తు ఆరిపోతుండగా, లక్ష్మీదేవమ్మ తన చేతులతో తానే చెప్పు తొడుక్కుంది. మెత్తటి పట్టీ పాదం మీద కూర్చుంది. వేళ్లన్నీ బయటికి కనిపిస్తున్నాయి. వాటిని దేనితోనూ కప్పుకోకుండా, అత్త భుజం మీద చెయ్యి వేసి, ఆమె ఇంటి దారి పట్టింది.