పదిహేడో నంబరు వేలిముద్ర

శవం తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంది.

2016 సెప్టెంబర్ 19, సోమవారం. ఉదయం 11.50.

నరసన్నపేట దగ్గర హైవే దిగి సముద్రం వైపు ఏడు కిలోమీటర్లు వెళ్తే 'నీలికెరటం సీఫుడ్స్' ఫ్యాక్టరీ. రొయ్యలు వొలిచి, ఐసు కట్టించి, ఓడలెక్కిస్తారు. ఆ రోజు 11.20కి పీలింగ్ హాల్లో అమ్మోనియా గ్యాసు పైపు పగిలింది. నలభై ఒక్కమంది ఆడవాళ్ళు దగ్గుతూ, ఒకరినొకరు తోసుకుంటూ ముందు తలుపులోంచి బయటపడ్డారు. వాళ్ళలో ముగ్గురు ఆసుపత్రి పాలయ్యారు. ఆఖరి వరసలో ఉన్న తులసి మాత్రం వెనక ఉన్న ఎమర్జెన్సీ తలుపు వైపు పరుగెత్తింది.

ఆ తలుపుకి బయట తాళం వేసి ఉంది.

తులసికి ముప్ఫై ఆరేళ్ళు. పదకొండేళ్ళుగా అక్కడే పని. సంతకం రాదు.

మూడో రోజున ఫ్యాక్టరీ వాళ్ళు పోలీసులకి ఒక రిజిస్టర్ చూపించారు. 'సేఫ్టీ ట్రైనింగ్, తేదీ 11-7-2016.' నలభై రెండు పేర్లు. ప్రతి పేరు పక్కన ఒక వేలిముద్ర. పదిహేడో వరసలో తులసి. ఆమె పేరు దగ్గర ఒక లైను ఎక్కువగా ఉంది. 'ఎమర్జెన్సీ తలుపు తాళంచెవి ఈమెకు అప్పగించడమైనది. రోజూ షిఫ్టుకు ముందు తలుపు తెరిచే బాధ్యత ఈమెదే.'

అంటే తులసిని చంపింది తులసే!

చచ్చినవాళ్ళ మీదకి నెపం నెట్టడమంత సుళువైన పని లోకంలో ఇంకొకటి లేదు. వాళ్ళు నోటీసుకి జవాబివ్వరు.

*

సెప్టెంబర్ 28, బుధవారం. ఉదయం 7.30.

విజయనగరం హెడ్డాఫీసు లీగల్ ఆఫీసర్ దుర్గాభవాని ఫోను మోగింది. అవతల ఎండీ దేవేంద్ర.

"రెండు పేజీల రిపోర్టు రాయాలమ్మా. సాయంత్రం ఐదుకల్లా ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి వెళ్ళాలి. ట్రైనింగ్ ఇచ్చాం. తాళంచెవి ఇచ్చాం. ఆమె తియ్యలేదు. అంతే."

"చూసి రాస్తాను సార్."

"చూడ్డానికేముంది?"

దుర్గాభవాని కారెక్కింది. ఆమెకి ముప్ఫై అయిదేళ్ళు. అయిదేళ్ళు కోర్టులో ప్రాక్టీసు చేసి, నాలుగేళ్ళ కిందట కంపెనీలో చేరింది. ప్రమాదం జరిగిన మధ్యాహ్నమే ఆమె ఫ్యాక్టరీలో అందరికీ ఒక మెయిల్ పంపింది. ఒక్క కాగితం చింపొద్దు, ఒక్క మెయిల్ చెరపొద్దు అని. దాన్ని చదివి నవ్వుకున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్ళ నవ్వు సంగతి సాయంత్రం తేలుతుంది.

ఫ్యాక్టరీకి వెళ్ళకుండా కారుని ముందు తులసి ఊరికి పోనిచ్చింది. 10.10 అయింది. తులసి తల్లి మరిడమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. వీధిలో పోయే ఆడవాళ్ళు ఆ ఇంటి ముందుకొచ్చేసరికి మొహం పక్కకి తిప్పుకుంటున్నారు.

"కంపెనీ నుంచి వచ్చానమ్మా. దుర్గాభవాని అంటారు."

"కంపెనీదానివైతే ఎందుకొచ్చినావు? ఇంకా ఏటి మిగిలిపోనాది?"

"నిజం తెలుసుకుందామని."

"రేపు మా పిల్ల దినం. ఈదంతా తిరిగి పిలిసినాను. ఒక్కర్తీ రానంది. నీ కూతురు తాళం తియ్యక మమ్మల్ని సంపబోయినాది అన్నారు. పదకొండేళ్ళు దాంతో కలిసి రొయ్యలు వొలిసినోళ్ళే."

"ట్రైనింగ్ జరిగిందో లేదో వాళ్ళకి తెలుసు కదా?"

"నెలకి నాలుగు కాయితాల మీద ఏలు ఏయిస్తారు. ఏ కాయితం ఏటో ఎవులికి గుర్తుంటాది?"

"తాళంచెవి సంగతి తులసి నీకెప్పుడైనా చెప్పిందా?"

"మా ఇంటికే తాళం నేదు. దానికి తాళంసెవి ఎవుడిస్తాడు? నాను పనిసేసిన నాడు ఆ తలుపు తీసే ఉండీది. రొయ్యలు సీరల్లో దాసుకు పోతన్నారనీసి, ఈ కొత్త మేనేజరు ఉగాది ఎల్లగానే తాళం ఏయించినాడు."

"నువ్వూ అక్కడే పనిచేశావా?"

"పన్నెండేళ్ళు. ఐసు నీళ్ళు, బ్లీచింగు నీళ్ళు. సేతులు సూడు, ఎలాగున్నాయో. రేషను మిషను నా ఏలు పట్టదు, నా కూతురి ఏలూ పట్టీది కాదు. వీఆర్వో వచ్చి రాస్తేగాని బియ్యం నేవు. ఈ నెల ఆయనా రానేదు."

దుర్గాభవాని ఆ చేతులు చూసింది. చాలాసేపు చూసింది.

"నీకేం కావాలమ్మా?"

మరిడమ్మ చేట పక్కన పెట్టింది. "నానేడస్తన్నాననుకున్నావేటి? ఏడుపు ఆవేళే అయిపోనాది. ఆ తాళం ఏసినోడు తలొంచుకుని నా ముందరనుంచి నడవాల. అప్పుడుగాని నాకు ముద్ద దిగదు."

*

11.45. ఫ్యాక్టరీ.

వరండా గోడకి ఒక మిషను బిగించి ఉంది. దాని మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద దుమ్ము. దుర్గాభవాని దాన్ని దాటుకుని హెచ్చార్ ఆఫీసర్ హరిబాబు గదిలోకి వెళ్ళింది. సన్నటి మనిషి. మాటకి ముందు నవ్వు.

"ముందే చెప్తున్నాను హరిబాబూ. నేను కంపెనీ తరఫున అడుగుతున్నాను. మీ తరఫు మనిషిని కాను. మీరు చెప్పింది కంపెనీ ఎవరికైనా చెప్పొచ్చు, పోలీసులకి కూడా. తెలిసిందా?"

"తెలిసింది మేడం. అడగండి."

"ట్రైనింగ్ ఎన్నింటికి?"

"పదకొండుకి."

"ఎక్కడ?"

"క్యాంటీన్లో."

"పాఠం ఎవరు చెప్పారు?"

"యుగంధర్ సారు."

"ముద్రలు ఎవరు వేయించారు?"

"నేనే. నలభై ఇద్దరి చేతా దగ్గరుండి వేయించినాను. ఎడం బొటనవేలు."

"తులసిది సరిగ్గా పడిందా? తర్వాత ఎవరైనా కాదంటే?"

హరిబాబు నవ్వాడు. "గీత గీతా కనిపిస్తాది మేడం. సూసుకోండి."

ఆమె భూతద్దం తీసి చూసింది. నిజమే. గీత గీతా కనిపిస్తోంది.

"గోడకున్న ఆ మిషనేమిటి?"

"అటెండెన్సుది. పాడైపోనాది." ఈసారి నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఫ్యాక్టరీ మేనేజర్ యుగంధర్ ఆమెని కూర్చోమనలేదు.

"తలుపుకి తాళం మీరే వేయించారా?"

"రోజూ తియ్యాల్సిన మనిషి పేరు రిజిస్టర్లో ఉంది. చదువు రానివాళ్ళతో పని చేయించడం ఎంత నరకమో ఊళ్ళో ఏసీలో కూర్చునే మీకు తెలీదు. రిపోర్టు రాసుకుని వెళ్ళండి."

దుర్గాభవానికి ఒళ్ళు మండింది. తొమ్మిది రోజుల కిందట ఒక మనిషి ఊపిరాడక గోళ్ళతో తలుపు గీరిన చోటుకి ఈయన గది ముప్ఫై అడుగుల దూరం కూడా లేదు. ఈయన టేబుల్ మీద జీడిపప్పు పొట్లం ఉంది. ఈ మనిషిని వదలకూడదని ఆమె ఆ నిమిషంలోనే నిశ్చయించుకుంది.

12.40. ఆమె విజయనగరం ఫోను చేసింది. "మే నుంచి జూలై దాకా హరిబాబు పంపిన మెయిల్స్ సర్వర్లో వెతకండి. అటెండెన్స్ మిషను మాట ఉన్నవన్నీ నాకు పంపండి."

1.25కి ఒకే ఒక మెయిల్ వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. కేసు చూస్తున్న సీఐ చినబాబుకీ, రిపోర్టు ఫ్యాక్టరీలోనే ఇస్తానని దేవేంద్రకీ ఫోను చేసింది. తర్వాత మరిడమ్మ కోసం కారు పంపింది.

*

4.00. ఫ్యాక్టరీ కాన్ఫరెన్స్ హాలు.

బల్లకి ఒక పక్క ఎండీ దేవేంద్ర, యుగంధర్, హరిబాబు. రెండో పక్క సీఐ. గోడవారగా మరిడమ్మ, పీలింగ్ సెక్షన్ ఆడవాళ్ళు అయిదుగురు. కుర్చీలున్నా వాళ్ళు కూర్చోలేదు.

"పోలీసులెందుకమ్మా?" దేవేంద్ర విసుక్కున్నాడు. "రిపోర్టు ఏది?"

"అయిదు నిమిషాలు సార్. సీఐ గారూ, వీళ్ళ ఆరుగురి ఎడమ బొటనవేళ్ళూ కాగితం మీద వేయించండి."

చినబాబు ఇంకు ప్యాడ్ తెరిచాడు. ఒక్కొక్కరే వచ్చి వేలు వేశారు. కాగితం మీద ఆరు నల్లటి మచ్చలు పడ్డాయి. ఒక్కదానిలోనూ గీత లేదు.

సీఐ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇదేంటి?"

"రోజుకి ఎనిమిది గంటలు ఐసులో, బ్లీచింగ్ నీళ్ళలో నానే చేతులండి. రొయ్య పెంకు ఊరికే గీరుతూ ఉంటుంది. కొన్నేళ్ళకి వేలి గీతలు అరిగిపోతాయి. వీళ్ళ వేళ్ళని రేషన్ మిషను కూడా గుర్తుపట్టదు. ఇప్పుడు ఈ రిజిస్టర్ చూడండి. నలభై రెండు ముద్రలు. తులసితో సహా అన్నీ గీత గీతా కనిపిస్తున్నాయి. హరిబాబు గారు దగ్గరుండి వేయించారట."

హరిబాబు మొహంలో నవ్వు లేదు.

"నా మాట నమ్మక్కర్లేదు. ఆయన మాటే వినండి." మిషను అమ్మిన కంపెనీకి హరిబాబు రాసిన మెయిల్ ఆమె చదివింది. "'మా పీలింగ్ సెక్షన్లో నలభై ఇద్దరిలో ఒక్కరి వేలిముద్రనూ మీ అటెండెన్స్ మిషను గుర్తించడం లేదు. పని వల్ల వాళ్ళ వేళ్ళ మీద గీతలు లేవు. మిషను వెనక్కి తీసుకోగలరు.' తేదీ జూన్ 3. కింద పేరు హరిబాబు. జూలై 11కి అవే వేళ్ళకి గీతలు మొలిచాయా, హరిబాబూ?"

చినబాబు భూతద్దం రిజిస్టర్ మీద కదిలింది. "పదిహేడు, ఇరవై తొమ్మిది, ముప్ఫై ఆరు... మూడూ ఒకే వేలు. మధ్యలో అడ్డంగా గాటుంది. నీ ఎడం చెయ్యి ఇలా పెట్టు."

హరిబాబు చెయ్యి బల్ల కిందకి పోయింది.

"పెట్టమన్నానా?"

"నానొక్కణ్ణే కాదండి!" హరిబాబు ఏడుపు లంకించుకున్నాడు. "యుగంధర్ సారూ ఏసినారు. ఇద్దరి సేతుల ఏళ్ళూ ఇరవయ్యీ మార్చి మార్చి ఏసినాం. తులసి పోయిన మర్నాడు, ఇరయ్యో తేదీ మధ్యాన్నం. కాయితం నేకపోతే పుట్టించండని ఎండీ గారే ఫోన్లో సెప్పినారు."

"నోరు ముయ్యి!" యుగంధర్ లేచాడు.

"తాళంచెవి ఎక్కడుంది?" సీఐ అడిగాడు.

"యుగంధర్ సారు సొరుగులోనే ఉన్నాదండి. ఎప్పుడూ అక్కడే."

దేవేంద్ర గొంతు తగ్గించాడు. "దుర్గాభవానీ, నువ్వు మా లాయర్‌వి. మన ఆఫీసు సంగతులు నువ్వు బయటపెట్టకూడదు. చట్టం నీకు తెలుసు."

ఈ మాట కోసమే ఆమె పొద్దుట్నుంచి కాచుకుని ఉంది.

"లాయర్‌ని కాను సార్. జీతానికి చేరిన రోజు మీరే చెప్పారు, బార్ కౌన్సిల్‌కి నా లాయరు లైసెన్సు, ఆ సనదు, ఒప్పగించి రమ్మని. ఒప్పగించాను. లాయరుకీ క్లయింటుకీ మధ్య ఉండే రహస్యం నాకు వర్తించదు. వర్తించినా, నేరం చెయ్యడానికి అడిగిన సాయాన్ని అది దాచదు. ఈ రిజిస్టర్ దొంగదని తెలిసీ ఇన్‌స్పెక్టర్‌కి పంపితే నేనూ దొంగనే. పైగా నా జీతం కంపెనీది. కంపెనీ వేరు, మీరు వేరు."

ఆ మాట అంటుంటే ఆమెకి ఎంతో హాయిగా ఉంది. ఆ హాయిని ఆమె దాచుకోలేదు. దేవేంద్ర మొహం పాలిపోతుంటే కళ్ళారా చూసింది.

4.35. కానిస్టేబుళ్ళు ముగ్గురినీ లేపారు. మరిడమ్మ అప్పటికే వరండాలో దారికడ్డంగా నిలబడి ఉంది. యుగంధర్ తల తిప్పుకుని గబగబా దాటబోయాడు.

"మెల్లిగా నడు," అంది మరిడమ్మ. "నాను సూడాల."

అతను తలొంచుకుని మెల్లిగానే నడిచాడు.

జీపు వెళ్ళిపోయాక మరిడమ్మ హాల్లోకి తిరిగొచ్చింది. సీఐ స్టేట్‌మెంట్ రాసుకుంటున్నాడు. దుర్గాభవాని చెబుతోంది.

"ఒక మాటడుగుతాను సెప్పు," అంది మరిడమ్మ. "చట్టం పెకారం అన్నీ ఉన్నాయో నేవో సూడ్డమే నీ ఉద్యోగమట గదా. ఆ తాళం సంగతి నీకు ముందు తెలీదేటి?"

తెలీదు అని ఊరుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు. దుర్గాభవాని మరిడమ్మ వైపు తిరిగింది.

"ప్రతి మూడు నెలలకీ ఒక సర్టిఫికెట్ మీద సంతకం పెడతానమ్మా. ఫ్యాక్టరీలో అన్నీ చట్టప్రకారం ఉన్నాయని. ఎమర్జెన్సీ తలుపులు తెరిచి ఉన్నాయని అందులో ఒక లైను ఉంటుంది. యుగంధర్ పంపిన కాగితం చూసి పెట్టేశాను. తలుపు చూళ్ళేదు."

"ఎన్నిసార్లు?"

"తాళం వేశాక ఒకసారి. జూన్ ఆఖర్లో."

చినబాబు పెన్ను ఆగింది. "మేడం, ఇది రాసుకోమంటారా?"

"రాసుకోండి."

మరిడమ్మ ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. తిట్టలేదు.

"రేపు పది గంటలకి మా పిల్ల దినం. ఈదిలో ఆడోళ్ళందర్నీ మళ్ళీ పిలుస్తాను. నువ్వొచ్చి, తులసి తప్పు నేదని అందరి ముందరా సెప్పాల. నీ సంతకం మాటా సెప్పాల."

"వస్తానమ్మా. చెప్తాను."

"సెప్పీసి ఎల్లిపో," అంది మరిడమ్మ. "నా ఇంట నీకు అన్నం పెట్టను."